ఆ ఎర్ర వరుసలను పట్టించుకోవద్దని చెప్పకండి: జావా బోధకులకు బహిరంగ లేఖ

అమీర్‌పేట శిక్షణ సంస్థల్లోనూ, ఇతర ఊళ్లలోనూ, ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ జావా నేర్పుతున్న బోధకులందరికీ,

నమస్కారం.

నేను హైదరాబాదులో ప్రొడక్షన్ సపోర్ట్ (నిజమైన వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టుకుని ఉండే) పనిలో ఉన్నాను. మీ దగ్గర చదువుకున్న పిల్లలు మా బృందాల్లో చేరుతుంటారు. కలెక్షన్స్ గురించి అడిగినా, థ్రెడ్ల గురించి అడిగినా, జావా అప్లికేషన్లు తయారుచేసే చట్రం స్ప్రింగ్ బూట్ గురించి అడిగినా తడుముకోకుండా చెబుతారు. జిల్లాల నుంచి వచ్చి, హాస్టల్ గదుల్లో ఉంటూ, కొద్ది నెలల్లోనే ఉద్యోగానికి తగ్గట్టు తయారవుతున్నారంటే అందులో మీ కష్టం ఎంత ఉందో నాకు బాగా తెలుసు. వాళ్లకు మొదటి అలవాట్లు నేర్పేది మీరే కాబట్టి ఈ విన్నపం మీకే చేస్తున్నాను.

లాగింగ్ కాన్ఫిగరేషన్ ఫైలు దొరకనప్పుడు వచ్చే ఎర్రర్ల గురించి మీతో మాట్లాడాలి. లాగింగ్ అంటే ప్రోగ్రాం తాను ఏం చేస్తోందో ఎప్పటికప్పుడు రాసిపెట్టడం; ఏది, ఎక్కడ రాయాలో చెప్పేదే ఆ కాన్ఫిగరేషన్ ఫైలు.

తరగతిలో ప్రోగ్రాం నడపగానే, కోడ్ రాసి నడిపే సాధనమైన ఎక్లిప్స్ కన్సోల్‌లో అసలు అవుట్‌పుట్‌కు ముందు రెండు మూడు ఎర్ర వరుసలు పడతాయి. పాత లాగ్4జే అనే లాగింగ్ లైబ్రరీ వాడుతుంటే, ఫలానా లాగర్‌కు అపెండర్లేవీ (సందేశాలను ఫైలుకో తెరకో చేర్చేవి) దొరకలేదు, లాగ్4జేను సరిగ్గా సిద్ధం చేయండి అని వస్తుంది. ఎస్‌ఎల్‌ఎఫ్4జే అనే మధ్యవర్తి లైబ్రరీ (దాన్ని అసలు లాగింగ్ లైబ్రరీతో కలిపేదే బైండింగ్) అయితే, స్టాటిక్ లాగర్ బైండర్ అనే క్లాసు లోడ్ కాలేదు కాబట్టి ఏమీ రాయని లాగర్‌తో సరిపెడుతున్నాను అంటుంది. వెబ్‌సైట్లను పరీక్షించడం నేర్పే సెలీనియం బ్యాచ్‌లో ఎక్సెల్ ఫైలు చదవడానికి అపాచీ పీఓఐ అనే లైబ్రరీ జోడించిన రోజున మరొకటి కనిపిస్తుంది: లాగింగ్ చేసే లైబ్రరీ లేదు, లాగ్4జే కోర్‌ను క్లాస్‌పాత్‌లో చేర్చండి అని. క్లాస్‌పాత్ అంటే జావా తనకు కావలసిన ఫైళ్లను వెతుక్కునే చోట్ల జాబితా. వెనక బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తి "సార్, ఇదేమిటి?" అని అడుగుతుంది. "అది వార్నింగే అమ్మా, పట్టించుకోవద్దు. కింద అవుట్‌పుట్ వచ్చింది కదా" అని జవాబు వస్తుంది. సిలబస్ పెద్దది, ఉన్న సమయం తక్కువ, పైగా ఆ రోజు పాఠం వేరు. ఇవన్నీ నిజమే. అయినా ఆ జవాబు పిల్లల మనసులో నాటుకుపోతుంది. ఉద్యోగంలో చేరి, బ్యాంకు లావాదేవీలు నడిపే సర్వర్ మీద అదే వరుస కనిపించినప్పుడు కూడా వాళ్ల చూపు దాన్ని దాటి కిందికి జారిపోతుంది.

ఆ వరుసకు అర్థం, ఇకపై ఈ అప్లికేషన్‌లో ఏం జరిగినా చెప్పే దారి లేదని. ఆ మాట కూడా ఒక్కసారే చెబుతుంది. పాత లాగ్4జే అయితే ఒక్కసారి హెచ్చరించి, ఆ తరువాత వచ్చిన ప్రతి సందేశాన్నీ నిశ్శబ్దంగా పారేస్తుంది. ఎస్‌ఎల్‌ఎఫ్4జే 1.6 నుంచి చేస్తున్నది కూడా ఇంచుమించు ఇదే. అంతకు ముందు వెర్షన్లలో బైండింగ్ లేకపోతే ప్రోగ్రాం క్లాసు దొరకలేదంటూ అక్కడికక్కడే ఆగిపోయేది. ఆ ఆగిపోవడమే మేలని నేను ఈనాటికీ అనుకుంటాను.

ఒకే లోపం ఒక్కో లైబ్రరీలో ఒక్కో రూపం ఎత్తుతుందని పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. లాగ్ సందేశాలకు డీబగ్, ఇన్ఫో, వార్నింగ్, ఎర్రర్ అని తీవ్రతను బట్టి పెరిగే స్థాయిలుంటాయి. లాగ్4జే 2కు ఫైలు దొరకకపోతే తన సొంత డిఫాల్ట్ పెట్టుకుంటుంది: ఎర్రర్ స్థాయి, ఆపైవి మాత్రమే కన్సోల్‌కు వెళతాయి. ఇన్ఫో పోతుంది, వార్నింగ్ పోతుంది, డిస్కు మీద లాగ్ ఫైలే పుట్టదు. లాగ్‌బ్యాక్ అనే మరో లాగింగ్ లైబ్రరీ దీనికి పూర్తిగా విరుద్ధం. దానికి ఫైలు కనిపించకపోతే డీబగ్ స్థాయి నుంచి అన్నింటినీ కన్సోల్‌లో కుమ్మరిస్తుంది. ఫైలు లేదనే ఒకే కారణానికి ఒక సర్వర్‌లో లాగ్ ఖాళీగా ఉంటుంది, పక్క సర్వర్‌లో కంటైనర్ లాగులతో డిస్కు నిండిపోతుంది. ఈ రెండూ ఒకే జబ్బు లక్షణాలని తెలియని కుర్రవాడు మొదటిదాన్ని డేటాబేస్ సమస్య అనుకుంటాడు, రెండోదాన్ని స్టోరేజీ సమస్య అనుకుంటాడు. పైథాన్ నేర్పే మిత్రులకూ ఒక మాట: పైథాన్ 3.2 నుంచి హ్యాండ్లర్ (సందేశాలను గమ్యానికి చేర్చేది) లేని లాగర్ వార్నింగ్ స్థాయి, ఆపై సందేశాలను సమయం గానీ మాడ్యూల్ పేరు గానీ లేకుండా ఎర్రర్ స్ట్రీమ్‌లోకి రాస్తుంది, ఇన్ఫోను వదిలేస్తుంది. అక్కడా ఇదే కథ.

దీనివల్ల ఎంత నష్టం జరుగుతుందో చెప్పడానికి నేను చూసిన ఒక సంఘటన చెబుతాను. ఒక సంస్థలో రాత్రివేళ చెల్లింపుల లెక్కలు సరిచూసే జావా ప్రోగ్రాం ఉంది. పాత లాగ్4జే 1.2 నుంచి లాగ్4జే 2కు మార్చారు. జార్ ఫైళ్లు (జావా ప్రోగ్రాంలను కట్టగా కట్టిన ఫైళ్లు) మారాయి, కోడ్ మారింది, పరీక్షలు నెగ్గాయి. కాన్ఫిగరేషన్ ఫైలు పేరు మాత్రం లాగ్4జే.ఎక్స్‌ఎంఎల్‌గానే మిగిలింది. కొత్త లైబ్రరీ వెతికేది లాగ్4జే2.ఎక్స్‌ఎంఎల్ కోసం. ఆ పేరుతో ఏదీ లేదు కాబట్టి, ఫైలు దొరకలేదు, డిఫాల్ట్‌తో నడుస్తున్నాను అని, లైబ్రరీ తన సంగతులు తానే చెప్పుకునే స్టేటస్ లాగర్ ప్రతి రాత్రీ కన్సోల్‌కు మొరపెట్టుకుంది. ఆ కన్సోల్ ఎక్కడుంది? స్టార్టప్ స్క్రిప్ట్‌లో ప్రోగ్రాం అవుట్‌పుట్‌ను, ఎర్రర్ స్ట్రీమ్‌ను కలిపి, పంపినదంతా మాయమైపోయే డెవ్ నల్‌లోకి పంపేశారు. లాగ్ ఫైలు ఎలాగూ వేరుగా ఉంది కదా, కన్సోల్ ఎందుకని. దాంతో ఫైలు లేదన్న ఒకే ఒక్క సాక్ష్యం ఎవరి కంటా పడకుండా పోయింది.

లెక్క తప్పిన రోజున లాగ్ డైరెక్టరీ చూశారు. అప్లికేషన్ పేరుతో ఫైలు ఉంది, సైజు ఘనంగానే ఉంది. డ్యూటీలో ఉన్న కుర్రవాడు చివరి వరుసలు చదివి, ప్రాసెస్ సవ్యంగా ముగిసినట్టే రాసి ఉందన్నాడు. ఆ వరుసల పక్కన ఉన్న తేదీ లైబ్రరీ మార్చక ముందటిది. అది పాత వెర్షన్ వదిలి వెళ్లిన ఫైలు. కొత్త వెర్షన్ ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఏ ఖాతాలో తేడా ఎప్పుడు మొదలైందో తేల్చడానికి డేటాబేస్ పట్టికలు ఒక్కొక్కటీ తవ్వుకోవాల్సి వచ్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఫైలు పేరులో రెండు అంకె లేదన్న సంగతి అన్నీ అయిపోయాక తెలిసింది.

ఆ కుర్రవాడు తెలివైనవాడు, కష్టపడేవాడు. లాగ్ రాయడం ఎలాగో అతనికి ఎవరో నేర్పారు, కానీ లాగ్ రావడం లేదని కనిపెట్టడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. మిమ్మల్ని అడిగేది ఈ రెండోదాన్ని నేర్పమనే.

అది ఎలా నేర్పవచ్చో నాకు తోచినంత చెబుతాను. ముందుగా ఆ సందేశాన్ని పూర్తిగా చదివించాలి. లైబ్రరీయే లేదా, లైబ్రరీ ఉండి ఫైలు దొరకలేదా, ఫైలు దొరికి లోపల తప్పుందా? ఈ మూడింటికీ సందేశాలు వేరు, మందులు వేరు. పీఓఐ వాడినప్పుడు వచ్చేది మొదటి రకం. దానికి ఎన్ని ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు రాసి పెట్టినా లాభం లేదు, ఎందుకంటే వాటిని చదివే లాగ్4జే కోర్ అక్కడ లేదు. పిల్లలు మాత్రం నెట్‌లో కనిపించిన ప్రతి ఫైలునూ తెచ్చి అతికిస్తూ పోతారు.

ఆ తరువాత లైబ్రరీనే అడగడం నేర్పాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. లాగ్4జే2.డీబగ్ అనే సిస్టమ్ ప్రాపర్టీ (ప్రోగ్రాంను మొదలుపెట్టేటప్పుడు ఇచ్చే సెట్టింగు) పెట్టి ప్రోగ్రాం నడిపితే, లాగ్4జే 2 తాను ఎక్కడెక్కడ వెతికిందో, ఏ పేర్లతో వెతికిందో, ఏది దొరికిందో వరుసగా చెబుతుంది. పాత లాగ్4జేకు లాగ్4జే.డీబగ్ ఉంది. లాగ్‌బ్యాక్‌కు స్టేటస్ లిజనర్‌ను కన్సోల్‌కు కలిపితే, ఫలానా పేరుతో ఫైలు దొరకలేదనీ, ఫలానా ఫైలు ఫలానా చోట దొరికిందనీ పూర్తి చిరునామాతో రాస్తుంది. ఒక్క ప్రాపర్టీతో తేలిపోయే విషయానికి పూటల తరబడి ఊహాగానాలు చేయడం నేను చాలాసార్లు చూశాను. లైబ్రరీ తాను వెతికిన చోట్లు చెప్పాక ఇక ఊహించాల్సింది చాలా కొద్దిగా మిగులుతుంది.

వెతికే క్రమం కూడా తెలియాలి. లాగ్4జే 2 ముందు కాన్ఫిగరేషన్ ఫైల్ ప్రాపర్టీ చూస్తుంది. అది లేకపోతే క్లాస్‌పాత్‌లో పేరు చివర టెస్ట్ అని ఉన్న ఫైళ్లను చూస్తుంది. ప్రాపర్టీస్, యామల్, జేసన్, ఎక్స్‌ఎంఎల్ రూపాలన్నీ అయ్యాకే మామూలు పేరున్న ఫైళ్ల దగ్గరికి వస్తుంది. లాగ్‌బ్యాక్ కూడా టెస్ట్ ఫైలుకే ముందు పీట వేస్తుంది. పరీక్షల కోసం రాసుకున్న ఫైలు పొరపాటున అసలు జార్‌లోకి చేరితే అసలు ఫైలును పక్కకు నెట్టేస్తుంది. అప్పుడు ఫైలు ఉన్నా లేనట్టే.

ఇక ఫైలు నిజంగా ఎక్కడుంది? జార్ ఫైలు లోపలి పట్టికను చూపే కమాండ్ ఒకటి ఉంది, దాన్ని ప్రతి విద్యార్థి చేతా కొట్టించండి. మేవెన్ (జార్ తయారుచేసే సాధనం) ప్రాజెక్టులో ఎక్స్‌ఎంఎల్ ఫైలును రిసోర్సెస్ ఫోల్డర్‌లో కాకుండా జావా ఫోల్డర్‌లో పెడితే, ఎక్లిప్స్‌లో కళ్లెదుటే ఉంటుంది గానీ మేవెన్ దాన్ని జార్‌లోకి తీసుకోదు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన ఫైలుకు చివర టీఎక్స్‌టీ అని అంటుకుని ఉంటుంది, విండోస్ ఆ తోకను చూపించదు. విండోస్ ల్యాప్‌టాప్ మీద పెద్ద ఎల్‌తో మొదలైన పేరు ఫోల్డర్‌లో పనిచేస్తుంది, లైనక్స్ సర్వర్ మీదికి వెళ్లగానే అది వేరే ఫైలు అయిపోతుంది. ఇవన్నీ చిన్న విషయాలే. మా దగ్గరికి వచ్చే కేసుల్లో మళ్లీ మళ్లీ కనబడేవి కూడా ఇవే.

కమాండ్ లైను దగ్గర మరికొన్ని గోతులున్నాయి. ప్రాపర్టీని జార్ పేరుకు ముందు రాయాలి. తరువాత రాస్తే జావా దాన్ని మన ప్రోగ్రాంకు ఇచ్చిన మామూలు ఆర్గ్యుమెంటుగా భావించి అందించేస్తుంది, లాగింగ్ లైబ్రరీకి దాని సంగతే తెలియదు. జార్‌ను నేరుగా నడిపే పద్ధతిలో క్లాస్‌పాత్ ఆప్షన్‌ను జావా అసలు లెక్కలోకే తీసుకోదు. కాబట్టి కాన్ఫిగరేషన్ ఉన్న డైరెక్టరీని ఎంత జాగ్రత్తగా రాసినా వృథా. పాత లాగ్4జే 1లో ఫైలు చిరునామాకు ముందు ఫైల్ కోలన్ అని లేకపోతే, అది చిరునామాగా కాక క్లాస్‌పాత్‌లోని పేరుగా వెతుకుతుంది. చిరునామా అక్షరం పొల్లుపోకుండా సరిగ్గా ఉన్నా ఫైలు దొరకలేదంటుంది. ఈ ఒక్క చోట తల పట్టుకున్న ఇంజనీర్లు ఎందరో.

అన్ని లైబ్రరీలను ఒకే పెద్ద జార్‌గా కలిపేటప్పుడు వచ్చే చిక్కు వేరు. లాగ్4జే 2 తన ప్లగిన్ల (కాన్ఫిగరేషన్‌లో వాడే భాగాల) జాబితాను ఒక డేటా ఫైలులో దాచుకుంటుంది. అదే పేరున్న ఫైలు రెండు లైబ్రరీల్లో ఉంటే, కలిపేటప్పుడు ఒకటి రెండోదాన్ని చెరిపేస్తుంది. అప్పుడు ఫైలు దొరుకుతుంది, చదువుతుంది కూడా, కానీ అందులో రాసిన భాగాలు తనకు తెలియవంటుంది. ఆ జాబితాలను కలిపే ట్రాన్స్‌ఫార్మర్ వాడాలని ఒక్క మాట చెబితే చాలు. స్ప్రింగ్ బూట్ 3 నేర్పేవారు ఇంకొకటి చెప్పాలి. అది వాడే ఎస్‌ఎల్‌ఎఫ్4జే 2 పాత 1.7 కాలపు బైండింగులను పట్టించుకోదు. పాత ప్రాజెక్టు నుంచి తెచ్చిన డిపెండెన్సీ వరుస కళ్లెదుట కనిపిస్తూనే ఉంటుంది, లాగ్ మాత్రం రాదు.

ఇదే స్ప్రింగ్ బూట్‌లో నాకు నచ్చిన గుణం ఒకటుంది. లాగింగ్.కాన్ఫిగ్ ప్రాపర్టీలో రాసిన ఫైలు లేకపోతే, లాగింగ్ వ్యవస్థ మొదలు కాలేదని చెప్పి అప్లికేషన్‌ను పైకి లేవనివ్వదు. పొడవైన స్టాక్ ట్రేస్ చూసి విద్యార్థులు బెదిరిపోయి ఆ ప్రాపర్టీనే తీసేస్తారు. దయచేసి తీయనివ్వకండి. కాన్ఫిగరేషన్ లేని అప్లికేషన్ ప్రొడక్షన్‌లో మొదలే కాకూడదని ఆ సందర్భంలోనే చెప్పండి. లాగ్4జే 2ను నేరుగా వాడే ప్రోగ్రాంలలో కూడా ఇది సాధ్యమే. మొదట్లోనే లాగర్ కాంటెక్స్ట్ నుంచి ప్రస్తుత కాన్ఫిగరేషన్‌ను అడిగి, అది డిఫాల్ట్ కాన్ఫిగరేషన్ క్లాసుకు చెందినదైతే కారణం చెప్పి ప్రోగ్రాంను ఆపేయవచ్చు. నాలుగైదు వరుసల కోడ్. నేను పైన చెప్పిన రాత్రిపూట ప్రోగ్రాంలో ఆ నాలుగు వరుసలు ఉండి ఉంటే మొదటి రోజే విషయం బయటపడేది.

సిలబస్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. లాగ్4జే 1కు 2015 ఆగస్టులోనే అపాచీ సంస్థ మద్దతు ఆపేసింది. 2021 డిసెంబరులో లాగ్4జే 2లో లాగ్4షెల్ అనే భద్రతా లోపం బయటపడి ప్రపంచమంతా హడావుడిగా వెర్షన్లు మార్చుకుంది. 2.15, ఆ వెంటనే 2.16, 2.17 అంటూ ఆ నెలలోనే వరుసగా విడుదలలు వచ్చాయి. అలాంటి హడావుడిలోనే లైబ్రరీ మారి ఫైలు పేరు మారకపోవడం, రెండు బైండింగులు ఒకేచోట చేరడం వంటివి జరుగుతాయి. అయినా ఇప్పటికీ 1.2 కాలపు ప్రాపర్టీస్ ఫైలునే నోట్సులో రాయిస్తున్న తరగతులున్నాయి. పాత అప్లికేషన్లు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి అది తెలియడం తప్పు కాదు. కానీ అది పాతదని చెప్పి, కొత్తదానికి వెళ్లేటప్పుడు ఏమేమి మారతాయో కూడా అదే రోజున చెప్పాలి.

చట్టం వైపు నుంచి కూడా ఇది పిల్లలకు తెలియాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థలన్నింటిలో లాగులను తప్పనిసరిగా పనిచేయించాలి, గడిచిన 180 రోజుల లాగులను భద్రంగా ఉంచాలి. ఆ ఆదేశాల్లో పేర్కొన్న సైబర్ ఘటనలు తమ దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా తెలియజేయాలి. ఏమీ రాయని లాగర్‌తో నడిచిన అప్లికేషన్ యజమాని ఆ 6 గంటల్లో ఏం చూసి చెబుతాడు?

మీకు భారమైన పని అడగడం లేదు. కోర్సు మొత్తంలో ఒక్క తరగతి ఇవ్వండి చాలు. విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టండి. ఒకరు రెండోవారి ప్రాజెక్టులో లాగింగ్‌ను చెడగొట్టాలి: ఫైలు పేరు మార్చడం, తప్పు ఫోల్డర్‌లో పెట్టడం, ప్రాపర్టీని జార్ పేరు తరువాత రాయడం, కోర్ లైబ్రరీని తీసేయడం, ఇలా ఏదైనా సరే. రెండోవారు కోడ్ తెరవకుండా, నెట్‌లో వెతకకుండా, డీబగ్ అవుట్‌పుట్ చదివి కారణం చెప్పాలి. ఇదంతా ఎక్లిప్స్‌లో వద్దు. లైనక్స్ మీద, జార్ రూపంలో, అవుట్‌పుట్ ఫైలులోకి మళ్లించి నడిపించండి, ఎందుకంటే రేపు వాళ్లు పనిచేసే చోట ఎర్ర రంగు ఉండదు. డెవ్ నల్‌లోకి మళ్లించి కూడా ఒకసారి నడిపించండి, ఏం పోగొట్టుకుంటున్నారో వాళ్ల కళ్లతో వాళ్లు చూస్తారు. ఫైలు ఉంటే సరిపోదని, చివరి వరుస తేదీ చూడాలని కూడా అప్పుడే చెప్పండి.

ఇంటర్వ్యూలో అడగని విషయం నేర్పితే విద్యార్థులు కూర్చోరని కొందరు బోధకులు నాతో అన్నారు. అందులో న్యాయముంది. అందుకని నా వంతుగా, మా బృందంలోకి వచ్చే ఫ్రెషర్ల ఇంటర్వ్యూలో ఒక స్టార్టప్ అవుట్‌పుట్ ముద్రించి చేతికిస్తున్నాను. అందులో కాన్ఫిగరేషన్ ఫైలు దొరకలేదనే వరుస ఎక్కడో మధ్యలో ఉంటుంది. ఈ అప్లికేషన్‌కు రేపు సమస్య వస్తే మీకు ఏయే వివరాలు దొరుకుతాయి, ఏవి దొరకవు అని అడుగుతాను. హ్యాష్‌మ్యాప్ ప్రశ్నకు ఎన్ని మార్కులో దీనికీ అన్నే. ఇతర సంస్థల్లో ఇంటర్వ్యూలు చేసే మిత్రులను కూడా ఈ ప్రశ్న అడగమని కోరుతున్నాను. మీ తరువాతి బ్యాచ్‌కు ఈ సంగతి ముందే చెప్పండి. ఆ తరగతికి కావలసిన చెడగొట్టిన ప్రాజెక్టులు తయారుచేసి ఇవ్వడానికి, మీరు పిలిస్తే వచ్చి పక్కన కూర్చోవడానికి నేను సిద్ధం.

ఇట్లు,
హైదరాబాదు నుంచి ఒక ప్రొడక్షన్ సపోర్ట్ ఇంజనీరు